చెప్పుకి అంటుకున్న రామచంద్రపురం

మా ఇంట్లో చెప్పులకి గడప దాటే హక్కు లేదు. వీధి అరుగు కింద వరసగా పడుండాలి, అంతే. దేన్నయినా తొక్కి వచ్చామంటే ఆ అరుగు కింద కూడా చోటుండేది కాదు. పక్కసందులోంచి చుట్టూ తిప్పి పెరట్లోకి, నూతి గట్టు దగ్గరకి పట్టుకుపోవాలి. అది మా మామ్మ రాజ్యం. బూడిద గంప, ఎండిన కొబ్బరిపీచు, పగిలిన కొబ్బరిచిప్పలు, కుంకుడుకాయల డబ్బా, 501 బార్ సబ్బు ముక్క, ఓ పాత లుంగీ గుడ్డ, అన్నీ నూతి పక్కన గూట్లో సిద్ధంగా ఉండేవి. గిన్నెలు తోమే పీచు వేరు, చెప్పులు తోమే పీచు వేరు. రెండూ కలిశాయో, ఆ పూట ఇంట్లో అన్నం సహించేది కాదు ఎవరికీ.

1980ల నాటి సంగతి ఇది. రామచంద్రపురం అప్పటికి తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. చుట్టూ వరిచేలు, కాలవలు, కొబ్బరిచెట్లు. ఇటు వెళ్తే ద్రాక్షారామం, అటు వెళ్తే మండపేట, మధ్యలో మా ఊరు. పిల్లలకి ఏడాదికి ఒకటే జత. జూన్‌లో బడి తెరిచేముందు కొనేవారు, అదీ కాలు ఎదుగుతుంది కదా అని ఓ సైజు పెద్దది. తెల్ల అట్ట, నీలం పట్టీల హవాయి చెప్పులు. పట్టీ తెగితే కొత్త పట్టీ వేయించేవారు, గుండీ జారిపోతుంటే కింద పిన్నీసు గుచ్చేవారు. మడమ దగ్గర అరిగి అరిగి నేల కనిపించేదాకా వాడాల్సిందే. అంచేత చెప్పుకి ఏం అంటినా పారేద్దామన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. పెద్దవాళ్లకి తోలుచెప్పులుండేవి, వాటికి ఇంకా మర్యాద ఎక్కువ.

మామ్మ ముందు ‘ఎక్కడ తిరిగావురా’ అని తిట్టేది కాదు. తిట్లు తర్వాత. ముందు అడిగేది ఒకటే: “ఏవంటిందిరా?” తారా, బెల్లమా, పనసపాలా? తెలియదంటే చెప్పు తీసుకుని వాసన చూసేది, పుల్లతో గీకి వేళ్ల మధ్య నలిపి చూసేది. ఆవిడ వైద్యమంతా అక్కడే మొదలయ్యేది. ఇవాళ ఇదే పని మీద సలహాలు చెప్పేవాళ్లందరూ ఒకటే మందు అన్నిటికీ పూయమంటారు. మామ్మ అలా కాదు. అంటింది ఏదో తేలితే గానీ గూట్లోంచి ఏ డబ్బా తియ్యాలో తేల్చేది కాదు.

మే నెలలో ఎక్కువగా వచ్చే కేసు తారు. ద్రాక్షారామం రోడ్డు మీద గోతులు పూడ్చేవారు. రోడ్డు పక్కన పుల్లలమంట మీద తారు డబ్బా కాగుతుంటే ఆ నల్లటి వాసన మాకు పెద్ద ఆకర్షణ. మధ్యాహ్నం రెండింటికి కొత్తగా పోసిన చోట తారు మెత్తబడి బుడగలు వచ్చేవి. ఆ బుడగల్ని చెప్పుతో చిట్లించడం ఒక ఆట. సాయంత్రానికి చెప్పు అడుగున అరంగుళం మందాన తారు, దానికి పట్టుకున్న కంకర, ఇసక, ఎండుగడ్డి. నడుస్తుంటే గుర్రం నడిచినట్టు టకటకమనేది.

తారుకి మందు కిరసనాయిలు. కానీ అది రేషన్ డిపోలో వరస నిలబడి తెచ్చుకున్న సరుకు, కరెంటు పోతే లాంతరుకి అదే దిక్కు. మామ్మ దాన్ని చెప్పుల మీద పొయ్యనిచ్చేదా? ముందు కొబ్బరిచిప్ప అంచుతో గీకగలిగినంతా గీకించేది. మిగిలిన పొరకి మాత్రమే, గుడ్డ కొసని కిరసనాయిల్లో ముంచి, అంచు నుంచి మధ్యకి తుడిచేది. మధ్య నుంచి బయటికి తుడిస్తే మరక చెప్పంతా పరుచుకుంటుంది. గుడ్డ నల్లబడగానే మడత మార్చేది. ఆ తర్వాత బూడిద చల్లి పీచుతో రుద్ది, 501 సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టేది. పొయ్యి చల్లారాకే ఈ పనంతా. కిరసనాయిలు గుడ్డ నూతి గట్టు దాటి వంటింటి వైపు రాకూడదు.

కిరసనాయిలుకే తారు ఎందుకు లొంగుతుందో నాకు చాలా ఏళ్ల తర్వాత కెమిస్ట్రీ క్లాసులో తెలిసింది. రెండూ ముడిచమురులోంచి వచ్చినవే. ఒకటి పల్చనిది, ఒకటి బరువుది, అందుకని ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. ముల్లుని ముల్లుతోనే తియ్యాలంటారే, అది. నీళ్లకీ తారుకీ పొత్తు లేదు, ఎన్ని బిందెలు పోసినా అంతే. కిరసనాయిలు నిండుకున్న నెలల్లో మామ్మ కొబ్బరినూనె పూసి ఓ గంట వదిలేసేది. అదీ పనిచేసేది, కాకపోతే నెమ్మదిగా.

మా పెదనాన్నగారబ్బాయికి ఓపిక తక్కువ. ఎవరూ చూడకుండా హవాయి చెప్పులు రెంటినీ కిరసనాయిలు పోసిన పాత సత్తు పళ్లెంలో రాత్రంతా నానబెట్టాడు. పొద్దున్నకి తారు పోయింది నిజమే. చెప్పులు మాత్రం ఉబ్బి, అంచులు పైకి లేచి, అప్పడాల్లా తయారయ్యాయి. రబ్బరు కిరసనాయిలు తాగేస్తుందని అప్పటికి వాడికేం తెలుసు. ఆ వేసవి ఇంకా నెల మిగిలుంది, వాడికి మాత్రం జూన్ దాకా కొత్త చెప్పులు రాలేదు. మధ్యాహ్నం పూట రోడ్డు దాటాలంటే గడ్డి మీంచి గడ్డి మీదకి గెంతుకుంటూ పోయేవాడు పాపం.

తీపి సరుకు అంటితే అది ఇంకో దారి. తాపేశ్వరం మాకు దగ్గరే. చుట్టాలెవరైనా అటునుంచి వస్తే మడతకాజా పొట్లం తెచ్చేవారు. కొరికితే లోపలి పాకం మోచేతిదాకా కారేది, అక్కణ్ణించి చెప్పు మీదకి. శీతాకాలంలో చెరుకు సంగతీ అంతే. చెల్లూరు సర్వారాయ పంచదార మిల్లుకి బళ్ల మీద చెరుకు పోతుంటే వెనకాల పరిగెత్తి ఒక గడ లాగడం, పళ్లతోనే చీల్చి నమలడం, పిప్పి కాళ్ల దగ్గరే ఉమ్మడం. రసం ఆరితే పాదానికీ చెప్పుకీ మధ్య చపచపమనేది. దీనికి నూనె, కిరసనాయిలు ఏమీ పనికిరావు. చక్కెర నీళ్లకి చుట్టం. కాస్త వేడినీళ్లు పోసి రెండు నిమిషాలు ఆగి పీచుతో ఒక్కసారి తుడిస్తే పోయేది. ఆ మాత్రం చెయ్యకుండా పడుకుంటే తెల్లారేసరికి చెప్పుల నిండా చీమలు. ఎర్రచీమలు ముందు అరుగు కిందకి, ఆపైన చెప్పు పట్టీ సందుల్లోకి చేరేవి. బడికి టైమైపోతుంటే చూసుకోకుండా కాలు పెట్టిన వాడి కేక వీధి చివరికి వినిపించేది.

బురద గురించి చెప్పకపోతే డెల్టా వాణ్ణి అనిపించుకోను. మా రేగడి, మా ఒండ్రు పట్టుకుంటే వదిలే రకం కాదు. వర్షాకాలంలో మా ఊళ్లో మర్యాదస్తులు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు. లేదంటే బురద పట్టీని ఊడబీకి తనే ఉంచుకునేది. బడి నుంచి అడ్డదారి రైలుకట్ట మీదుగా. రైలు లేని రైలుకట్ట అది. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఉన్న పట్టాల్ని రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పీకేశారు, మళ్లీ 2004లో గానీ రైలు నడవలేదు. మా చిన్నప్పుడు అది పిల్లలూ గేదెలూ నడిచే దారి. వాన పడిందంటే రెండు చెప్పులకీ చెరో శేరు మట్టి.

పిల్లల బుద్ధి ఏమిటంటే, బురద కనపడగానే నీళ్లు పొయ్యడం. మామ్మ చెయ్యనిచ్చేది కాదు. “ఆరనీరా, దానంతటదే రాలుద్ది” అని పెరటిగోడ మీద బోర్లించేది. మర్నాటికి మట్టి ఎండి పగుళ్లిచ్చేది, రెండు చెప్పులూ ఒకదానికొకటి తాటిస్తే పెచ్చులు పెచ్చులుగా రాలిపోయేది. తడి మీద రుద్దితే మాత్రం ఆ సన్నటి ఒండ్రు చెప్పు గీతల్లోకి, కుట్లలోకి దూరి కూర్చుంటుంది. 1986 ఆగస్టులో గోదావరికి మహావరద వచ్చి, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, కోటిపల్లి వైపు నుంచి మా ఇంటికి చుట్టాలు వచ్చారు. వాళ్ల సామాన్లలో చెప్పులన్నీ ఒకే రంగుకి వచ్చేశాయి, ఏది ఎవరిదో పోల్చుకోలేం. మామ్మ వాటిని గోడ మీద బారుగా పేర్చింది. ముసురు వదలక మూడు రోజులదాకా ఆరలేదు. అయినా నీళ్లు ముట్టించనివ్వలేదు.

ఆ మరుసటేడు బబుల్ గమ్ యుగం. 1987లో ప్రపంచకప్ క్రికెట్ మన దేశంలో, పాకిస్తాన్‌లో జరిగింది. బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మల కాగితాల కోసం మేం నమలని బబుల్ గమ్ లేదు. నమిలినవన్నీ ఎక్కడికి పోతాయి? బల్లల కిందకి, సినిమా హాల్లో కుర్చీల కిందకి, నేల మీదకి. నేల టిక్కెట్టు వాళ్లం కాబట్టి మా చెప్పులకే అంటేవి. మామ్మకి ఇది కొత్త జబ్బు. వాసన చూస్తే తియ్యగా ఉంది, సరే వేడినీళ్లు పోసింది. అది ఇంకా సాగింది. కిరసనాయిలు గుడ్డ పెట్టింది, చెప్పంతా పులుముకుంది. ఆవిడ ఓడిపోయి కూర్చోవడం అదే మొదటిసారి చూడటం. నమిలేటప్పుడు తీపంతా మన కడుపులోకి పోతుందనీ, మిగిలేది రబ్బరులాంటి ముద్దేననీ, దానికి వేడి పనికిరాదనీ ఆవిడకెవరు చెబుతారు?

మందు దొరికింది గోళీసోడా కొట్లో. అక్కడ ఐసుదిమ్మ రంపపుపొట్టులో కప్పి గోనెసంచిలో ఉండేది. మావాడొకడు సోడా తాగుతూ చెప్పు ఊరికే దాని మీద ఆనించి నిలబడ్డాడు. (కొట్టాయన చూడలేదు, అదృష్టం.) కాసేపటికి బబుల్ గమ్ గట్టిపడి గోరుతో ఎత్తితే బిళ్లలా ఊడొచ్చింది. ఈ సంగతి మామ్మకి చేరింది. ఫ్రిజ్ ఉన్న ఇళ్లు వీధికి ఒకటో రెండో, వాళ్లని చెప్పు కోసం ఐసు అడిగే మొహం ఎవరికుంది? అంచేత ఐస్‌ఫ్రూట్ బండి దగ్గర ఒకటి కొని తెచ్చేవాళ్లం. చీకాలా, రుద్దాలా అని పెద్ద ధర్మసందేహం. చివరికి సగం చీకి సగం రుద్దడం ఖాయమైంది. బబుల్ గమ్ ఊడింది. కానీ ఐస్‌ఫ్రూట్‌లోనూ చక్కెరే కదా, మళ్లీ చీమలు! అప్పట్నించీ ఐసుముక్కని పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టమని మామ్మ శాసనం.

ఇక పనస. గోదావరి జిల్లాల వాళ్లకి పనసపొట్టు కూర లేని పెళ్లి లేదు, కార్తీకమాసం వనభోజనం లేదు. ఆవ పెట్టి, జీడిపప్పు వేసి చేస్తే దాని ముందు ఇంకే కూరా నిలబడదని నా పక్షపాతం. కానీ ఆ పొట్టు కొట్టడం ఇంట్లో అందరివల్లా అయ్యే పని కాదు. బజార్లో అందుకని ప్రత్యేకం మనుషులుంటారు. లేతకాయ తొక్క చెక్కేసి, ఎడంచేత్తో నిలబెట్టి, కుడిచేత్తో పెద్ద కత్తి పెట్టి టకటకటకమని నరుకుతూ తిప్పుతుంటే పొట్టు జల్లులా రాలుతుంది. మొదలుపెట్టే ముందు ఆయన చేసే పని ఒకటుంది. చేతులకీ కత్తికీ నూనె పట్టిస్తాడు. పనసపాలు నీళ్లకి కరగవు, గాలి తగిలితే రబ్బరులా బిగుసుకుంటాయి. నూనె పొర ముందే ఉంటే చేతిని పట్టుకోలేవు.

మా నాన్నగారు ఓసారి శుభలేఖలు పంచే హడావుడిలో, కొత్త తోలుచెప్పులు వేసుకుని పొట్టు కొట్టించడానికి నిలబడ్డారు. తొక్క చెక్కుతుంటే పాలు చుక్కలు చుక్కలుగా చెప్పు మీద పడ్డాయి. ఆయన గాభరాగా పంపు దగ్గరకి వెళ్లి కడిగేశారు. అంతే, పాలు తెల్లగా బిగిసి, వాటి మీద దుమ్ము చేరి, మచ్చలు మచ్చలుగా జిగురు. ఇంటికొచ్చాక మామ్మ కిరసనాయిలు సీసా వైపు చెయ్యి చాపింది గానీ ఆగింది. “తోలు నా వల్ల కాదు, బస్టాండు కాడికి పట్టుకెళ్లు” అంది నాతో. ఆవిడ హద్దు ఆవిడకి తెలుసు.

బస్టాండు దగ్గర రావిచెట్టు కింద చెప్పులు కుట్టే తాత ఉండేవాడు. ఇనప మూడుకాళ్ల పీట, ఆరె, మైనం పట్టించిన దారం, తోలుముక్కలు నానేసిన మట్టిమూకుడు. చెప్పు చూసి నవ్వాడు. “కడిగేశారా నాన్నగారు? పాలు పడితే నీళ్లు పొయ్యకూడదు బాబూ” అన్నాడు. సీసాలోంచి ఆముదం నాలుగు చుక్కలు మరక మీద వేసి, వేలితో గుండ్రంగా రాసి పక్కన పెట్టాడు. ఈలోగా ఇంకెవరిదో పట్టీ కుట్టాడు. తర్వాత గోరువెడల్పు వెదురుబద్దతో జిగురుని కొంచెం కొంచెంగా తోసుకుంటూ వచ్చాడు. ఇనప ఉలి ముట్టుకోలేదు, తోలు గీరుకుపోతుందని. మిగిలిన ఆముదాన్ని పీల్చడానికి గుప్పెడు తౌడు చల్లి రుద్దాడు. చివర్న మళ్లీ ఒక్క చుక్క ఆముదం చెప్పంతా పట్టించాడు. కొత్త తోలుచెప్పు కరవకుండా కూడా అదే రాస్తామన్నాడు. కిరసనాయిలు పెడితే తోలులో ఉన్న జిడ్డంతా లాగేసి ఆరు నెలల్లో పగులుద్దని, మామ్మకి చెప్పమని మరీ మరీ చెప్పాడు. చెప్పాను. “ఆమాత్రం నాకు తెలీదా, అందుకే పంపాను” అంది మామ్మ.

తౌడు మాత్రం ఆవిడకి నచ్చింది. మా చుట్టుపక్కల రైస్‌మిల్లులకి తక్కువేముంది, గేదె కోసం తౌడు బస్తా ఎప్పుడూ ఇంట్లో ఉండేది. తలంటినప్పుడు ఒంటి నూనె వదలగొట్టడానికి సున్నిపిండి, చెప్పు నూనె వదలగొట్టడానికి తౌడు. ఆ తర్వాత మా ఇంట్లో హవాయి చెప్పులకి పనసపాలంటినా, మామిడికాయ జీడి అంటినా ఇదే వరస: నూనె, తౌడు, కుంకుడు నురగ.

అరటి జిగురు దగ్గర మాత్రం ఎవరి ఆటలూ సాగలేదు. పెళ్లిపందిట్లో కట్టిన అరటిబోదెల నుంచి కారే రసం నీళ్లలాగే ఉంటుంది, అంటిన సంగతే తెలియదు. ఆరాక గోధుమరంగు మచ్చ తేలుతుంది, అది గుడ్డకి పట్టిందంటే గుడ్డ చిరిగేదాకా ఉంటుంది. నా తెల్ల కాన్వాస్ బూట్ల మీద అలా పడింది. నూనె, సబ్బు, నిమ్మచెక్క, చాకలిసోడా, ఏదీ పనిచేయలేదు. మర్నాడు డ్రిల్లు. మామ్మ చేసేదిలేక సుద్దముక్క తెమ్మంది, తడిపి మచ్చ మీద దట్టంగా రుద్దింది. డ్రిల్లు మాస్టారు ఏమీ కనిపెట్టలేదు.

ఇప్పుడు కిరసనాయిలు రేషన్‌లో దొరకడం మానేసింది. చెప్పులూ మారాయి. హవాయి బదులు ఫోము బూట్లు, జాలీ గుడ్డ బూట్లు, పైకి తోలులా కనిపించే పాలియురెథేన్. వీటి అడుగులు చాలా మటుకు జిగురుతోనే అతికిస్తారు, కుట్టరు. అందుకని నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోలు లాంటివి పెడితే మరకతో పాటు రంగూ పోతుంది, అడుగూ ఊడుతుంది. పెట్రోలుకి మంట భయం అదనం. కొత్త బూటు కింద ధర స్టిక్కర్ పీకాక మిగిలే జిగురుకి నేను ఇప్పటికీ కొబ్బరినూనె చుక్క వేసి పది నిమిషాలు ఆగుతాను. అమెరికాలో ఉన్న మా మేనకోడలు తన కొడుకు బూటుకి అంటిన చూయింగ్ గమ్‌ని పీనట్ బటర్‌తో తీశానని గొప్పగా చెప్పింది. వేరుశనగ నూనె పనే కదమ్మా అది అన్నాను. ఫోము బూటైతే ఫ్రీజర్‌లో పెడితే చాలని, తినే వస్తువు పాడుచెయ్యక్కర్లేదని కూడా చెప్పాను. కవర్లో చుట్టి పెట్టమని చెప్పడం మర్చిపోలేదు.

ఏ మందైనా ముందు మడమ పక్కన కనబడని చోట ఓ చుక్క వేసి చూడండి. నూనె వాడితే ఆ నూనెని పిండితోనో సబ్బుతోనో పూర్తిగా తియ్యండి, లేకపోతే గచ్చు మీద జారి పడతారు. ఎండలో ఆరబెట్టకండి. పనసపొట్టు కొట్టించడానికి వెళ్లేటప్పుడు మాత్రం తోలుచెప్పులు ఇంట్లో వదిలేసి, పాత హవాయి వేసుకు వెళ్లండి.